కూత ఆపిన డబ్బా

అమరచింత బస్టాండు పక్క సందులో ఉండే మైక్‌సెట్ల సాంసన్‌కు సంగీతం రాదు. ఏదో కొంచెం తక్కువ వచ్చని కాదు, శ్రుతికీ అపశ్రుతికీ తేడా తెలియని చెవి ఆయనది. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకూ, ఉర్సులకూ, సువార్త సభలకూ మైకులు కడుతున్నాడు. ఎక్కడైనా ఆయన పరీక్ష ఒకటే. మైకును వేలితో తట్టి, "హలో, మైక్ టెస్టింగ్, ఒకటి రెండు మూడు" అంటాడు. మాట తేటగా వినబడితే పని అయినట్టే.

అలాంటి మనిషికి దేవుడు పాటగత్తెను కట్టబెట్టాడు. పాన్‌గల్ నుంచి కాపురానికొచ్చిన ఎస్తేరు మందిరంలో పాట ఎత్తుకుంటే, హార్మోనియం మాసయ్య కూడా ఆమె వెనకే నడిచేవాడు.

నిరుడు ఆమె గొంతులో గడ్డ లేచింది. పట్నం దవాఖానలో గడ్డ మాడిపోయేలా నెలన్నర కరెంటు పెట్టారు. మనిషి దక్కింది గానీ గొంతు బొంగురుపోయి, పక్క మనిషికి కూడా వినబడనంత చిన్నదైపోయింది. "ఏం మారలే ఎస్తేరూ, మునుపటి లెక్కనే ఉన్నది" అని సాంసన్ రోజూ అబద్ధమాడేవాడు. ఆమె వినేది, నమ్మేది కాదు.

ఈస్టరు నాడు మందిరంలో ఒక్క పాట పాడాలని ఆమె కోరిక. మైకు తగ్గిస్తే ఆ గొంతు వినబడదు. పెంచితే బాక్సుల్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి కుయ్యిమని కూస్తుంది. సాంసన్ ఫోనులో వీడియోలు చూసి చూసి దానికి విరుగుడు పట్టాడు. మైకులో పడ్డ గొంతును సెకనుకు ఐదు కంపనాలంత పైకి జరిపి బాక్సులకు పంపాలి. అప్పుడు తిరిగొచ్చిన శబ్దం అసలు శబ్దంతో కలవదు, కూత పెరగదు.

పాత రేడియోల్లోంచి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఊడబీకాడు. నాలుగేసి డయోడ్లను ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు గుండ్రంగా కలిపి రెండు రింగులు కట్టాడు. జోడీ కుదరని డయోడ్లు పడితే లోపలి మోత బయటికి కారుతుంది. అందుకే మీటరు పెట్టి, వందలో ఎనిమిదింటిని బియ్యంలో రాళ్లేరినంత ఓపికగా ఏరాడు. అన్నీ ఒక డబ్బాలో బిగించేసరికి రెండు నెలలు పట్టింది.

ఈస్టరు పొద్దున డబ్బా తగిలించి "హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. ఎంత పెంచినా కూత లేదు. ఎస్తేరు లేచి పాట అందుకుంది. గొంతు మందిరమంతా నిండింది, కానీ హార్మోనియం ఒక దారిన, ఆమె గొంతు ఒక దారిన పోయాయి. ఆమె కిందికీ పైకీ సర్దుకోబోయింది. కలవలేదు. మొదటి చరణం దాటకుండానే కూర్చుంది.

"గొంతు పోయినా సుతి ఉంటదనుకున్న. గదీ పోయింది" అంది ఇంటికొచ్చాక. ఆ తర్వాత ఆమె కూనిరాగం కూడా తీయలేదు. సాంసన్ కూడా అది రోగం చేసిన పనే అనుకున్నాడు.

వానాకాలం దాటేసరికి గడ్డ తిరగబెట్టింది. ఈసారి డాక్టర్లు ఇంట్లోనే ఉంచుకోమన్నారు. ఆ రోజుల్లోనే వనపర్తి ఆర్కెస్ట్రాలో వాయించే ప్రేమ్ కుమార్ తన పాత సింథసైజర్ సాంసన్ దుకాణానికి మోసుకొచ్చాడు. గంట మోగినట్టు విచిత్రమైన శబ్దాలు రావడానికి అతనికి రింగు మాడ్యులేటర్ కావాలి, అంటే సాంసన్ కట్టిన లాంటి డయోడ్ల రింగే. మూల పడున్న డబ్బాను చూసి తగిలించి, నాలుగు మెట్లు నొక్కి మొహం చిట్లించాడు.

"అన్నా, ఇది మాటకు మంచిగనే ఉంటది. పాటకు పనికిరాదు. స్వరాలన్ని పక్కకు జరుగుతున్నయ్. గొంతు ఎంత కిందుంటే గంత ఎక్కువ తప్పుతది."

సాంసన్ సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి లేచాడు. దుకాణానికి తాళం కూడా వేయకుండా డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తాడు.

"ఎస్తేరూ, తప్పు నీది కాదే. ఈ డబ్బాది! నేను మాటతోనే చూసిన గాని పాటతోని చూడలే."

ఆమె నీరసంగా నవ్వింది. "గొంతు మారలేదని గూడ గిట్లనే చెప్పినవు కద."

ఏడాదిగా ఆడిన అబద్ధం ఆ పూట నిజానికి అడ్డం పడింది. డబ్బాను చిన్న బాక్సుకు తగిలించి తనే పాడి చూపాడు పాపం. ఎస్తేరు పొట్ట పట్టుకుని నవ్వింది. "నీకు డబ్బా లేకున్నా సుతి తప్పుతది గదయ్యా!"

ఎస్తేరు తర్వాత మందిరంలో పాటకు పెద్ద దిక్కు బుజ్జమ్మే. ఆమేమో పత్తి ఏరబోయి గద్వాల దిక్కున ఉంది.

"ఆదివారం బుజ్జమ్మ వస్తది. ఇంట్ల నీ ముందటనే పాడిస్త. గప్పుడన్న నమ్ముతవా?"

"చూస్తలే" అంది ఎస్తేరు.

శనివారం పొద్దున ఆమె పోయింది.

మూడోనాడు మందిరంలో జరిగిన ఆదరణ కూడికకు సాంసనే మైకు కట్టాడు. బుజ్జమ్మ పాడబోతుంటే డబ్బా తగిలించాడు. రెండు పంక్తులకే పాట పక్కకు జారింది. మాసయ్య హార్మోనియం మీది చేయి తీసేశాడు. సాంసన్ డబ్బా పీకి, మైకు తగ్గించి, మళ్లీ పాడమన్నాడు. ఈసారి పాట చక్కగా కుదిరింది.

"ఇన్నరు కద? ఎస్తేరు సుతి పోలే. తప్పు నాది" అని ఏడ్చాడు.

"అవునన్నా, ఆ దినం ఆమెకు గిదే అయింది" అంటూ బుజ్జమ్మ కూడా ఏడ్చింది. మందిరంలో నమ్మని మనిషి లేదు. ఎస్తేరు మాత్రం తన శ్రుతి పోయిందనుకునే పోయింది.