కంపాస్ మొక్క చెప్పిన వాస్తు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకు తెలిసినదంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. అమెరికాలోని బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు మీద పనిచేసిన ఆ రోజుల్లో నాకు తెలిసినవి తక్కువే గానీ, ఉబ్బరం మాత్రం ఎక్కువ. వీకెండ్‌లో ఊరి చివర ట్రెయిల్ అనే కాలిబాట మీద నడుస్తూ దారిపక్క బోర్డులన్నీ చదివేవాణ్ణి. అలా పరిచయమైందే కంపాస్ ప్లాంట్. మనిషిని మించిన ఎత్తు, పొద్దుతిరుగుడుకి పేద చుట్టంలాంటి పసుపు పువ్వు, చీల్చినట్టుండే ఆకులు. ఇక్కడి ప్రెయిరీ గడ్డిమైదానాల సొంత మొక్క. మధ్యాహ్నపు ఎండ తప్పించుకోవడానికి ఆకుల అంచులను ఉత్తర దక్షిణాలకు తిప్పి నిలబడుతుందట, అందుకే ఆ పేరట.

నాకు ఆదివారాలు అన్నం పెట్టే ఆంటీ, అంకుల్ ఆ వేసవిలోనే ఒక ఇల్లు చూశారు. ఆంటీకి డ్రైవింగ్ అంటే భయం. ఆ ఇంటి నుంచి వాళ్ల పాప స్కూలుకి, కూరల కొట్టుకి నడిచి వెళ్లొచ్చు. ఇన్నేళ్లూ ప్రతి పనికీ ఎవరి కారు కోసమో ఎదురుచూసిన మనిషి, కొంటే ఇదే కొనాలని పట్టుబట్టింది. అంకుల్‌కేమో గుమ్మం తూర్పు ముఖంగానే ఉండాలి. కొంటామని సాయంత్రంలోగా ఆఫర్ పెట్టాలి. ఆయన ఫోన్‌లోని కంపాస్ గరాజ్ దగ్గర ఒక మాట, గుమ్మం దగ్గర ఇంకో మాట చెబుతోంది. మబ్బు పట్టి సూర్యుడు కూడా లేడు. సరిగ్గా అప్పుడే పెరట్లో, పెద్ద ఓక్ చెట్టు కింద, నా పసుపు పువ్వు కనిపించింది. ఇక నన్ను ఆపేదెవరు? బోర్డు మీద చదివినదంతా అప్పజెప్పాను. అంకుల్ మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఆకునీ ఇంటినీ మార్చి మార్చి చూసి లేచారు.

"ఆగ్నేయం. మనకొద్దు," అని కారు తాళాలు బయటికి తీశారు.

ఆంటీ నా వైపు చూసిన చూపుకి నా ఆదివారం పప్పూ, గోంగూరా వరుసగా సెలవు తీసుకున్నాయి. ఆవిడ మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

"ఇది ఎందుకు తిరుగుద్దన్నావు బాబూ?"

"ఎండ తప్పించుకోవడానికి, ఆంటీ."

"నీడలో పెరిగినదానికి ఎండతో పనేముంది? ఎటు తిరిగినా ఒకటే కదా."

బోర్డు మీద ఆ సంగతి లేదు. ఆంటీ అప్పటికే కంచె దాటి వెనక మైదానంలోకి నడిచింది. అక్కడ ఆరుబయట పెరిగిన కంపాస్ మొక్కలన్నీ, మాట్లాడుకున్నట్టు, ఒకే వైపు అంచులు తిప్పి నిలబడి ఉన్నాయి. దగ్గర్లో ఇనుమేదీ లేక అక్కడ ఫోన్ కూడా బుద్ధిగా వాటి మాటే చెప్పింది. (ఫోన్ పట్టుకుని మొదటే అక్కడికి వెళ్లి ఉంటే సరిపోయేది. కానీ మాలో ఇద్దరం ఇంజినీర్లం.) ఆ లెక్కన గుమ్మం తిన్నగా తూర్పే. సాయంత్రం ఆఫర్ వెళ్లింది.

గృహప్రవేశంలో అంకుల్ నన్ను అందరికీ మొక్కల పండితుడిగా పరిచయం చేస్తుంటే, పులిహోర తింటూ కాదనకుండా ఊరుకున్నాను. ఆంటీ కూడా నవ్వి ఊరుకుంది. మర్నాడు పాపని చెయ్యి పట్టుకుని స్కూలుకి నడిపించుకుంటూ వెళ్లింది. ఇప్పటికీ హైవే పక్కన ఆ మొక్క కనిపిస్తే కారు ఆపి దిగుతాను. ముందు దాని మీద ఎండ పడుతోందా అని చూస్తాను. అప్పటి నాలోని కుర్రాడికి ఆమాత్రం తోచలేదు, పాపం. పేరు తెలిసిన సంబరంలో ఉన్నాడు.