సోమవారం చలి

పోయిన శనివారం మధ్యాహ్నం వార్డులో ఒకామెకు కట్టు మారుస్తుంటే కబురొచ్చింది, మేస్త్రి బాబాయి పోయాడని. అన్నం తిని షెడ్డులో నులక మంచం మీద ఒరిగాడట. టీ తెచ్చిన కోడలు లేపితే లేవలేదట. నేను కట్టు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, అప్పుడు వరండాలో కూర్చుని ఏడ్చాను. చేతిలో పని వదిలేసి ఏడ్చి ఉంటే ఆయనే తిట్టేవాడు.

ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. ఆయన దేవుడు వేరు, మా దేవుడు వేరు. నరసరావుపేటలో మా ఆసుపత్రి కాస్త ఎత్తు మీద ఉంటుంది. పైన మా గుడి, చర్చిని మేం గుడి అనే అంటాం, దాని కింద ఆసుపత్రి, వాలు దిగితే రోడ్డు, రోడ్డు అవతల ఆయన బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు. పదేళ్ళ క్రితం కొత్త నర్సుగా వచ్చినప్పుడు అందరూ బాబాయి అంటుంటే నేనూ అన్నాను. ఆయన నన్ను మాత్రం చివరిదాకా సిస్టరమ్మా అనే పిలిచాడు. నేనేదైనా తెలివితక్కువ మాట అన్నప్పుడు మాత్రం పిల్లా అనేవాడు.

ఏ బండి వచ్చినా ముందు దాన్ని ముట్టుకునేవాడు కాదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. డీజిలు పంపు పోయింది మేస్త్రీ అంటూ వచ్చిన లారీ డ్రైవర్లకు ఆయన దగ్గర ఒకటే జవాబు. "పంపు పోయిందని నీకెవురు జెప్పారు? ముందు అదేం జేస్తందో చెప్పు. ఎందుకు జేస్తందో తర్వాత ఇద్దరం కనుక్కుందాం." ఇంజను నీరసంగా తిరుగుతోందా, హుషారుగా తిరిగి కూడా అందుకోవడం లేదా, పొగ వస్తోందా లేదా అని అడిగేవాడు. తెల్ల పొగ వస్తే డీజిలు అందుతోంది కానీ వేడి చాలడం లేదని, అసలు పొగే లేకపోతే డీజిలే అందడం లేదని నాకు కూడా ఆయనే నేర్పాడు. నర్సుకి ఇవన్నీ ఎందుకని మా డాక్టరమ్మ నవ్వేది.

ఎందుకంటే, మా వ్యాను అలాంటిది. యుద్ధం రోజుల నాటి బండి, పెట్రోలు ఇంజను పీకేసి ఎవరో డీజిలు ఇంజను బిగించారు. మందుల పెట్టె, నేను, డ్రైవరన్న. బుధవారం బెల్లంకొండ, సోమవారం బొల్లాపల్లి, మిగతా రోజుల్లో దగ్గరి ఊళ్ళు. నేను చేరిన ఏడాది చలికాలంలో అది సోమవారాలు మొరాయించడం మొదలుపెట్టింది. డ్రైవరన్న బానెట్టు మీద గోనెపట్టాలు కప్పేవాడు, రేడియేటర్లో వేడినీళ్ళు పోసేవాడు. ఒకసారి కిరసనాయిలు గుడ్డ అంటించి ఇంజను గాలి పీల్చే చోట పట్టుకుంటే బాబాయి చూసి గుడ్డ లాక్కుని తొక్కేశాడు. దానికి మంట మరిగిందంటే ఇక మంట లేకుండా లేవదన్నాడు.

డ్రైవరన్న చివరికి బండిని వాలులో దొర్లించుకుంటూ రోడ్డు మీదికి తెచ్చేవాడు. అక్కడా అందుకోకపోతే బాబాయి వచ్చి పైపు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, డీజిలు పైపులో పట్టిన గాలి, ఆయన మాటలో ఎయిర్, తీసేవాడు. అప్పుడు లేచేది. కానీ అప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఆ రోడ్డు మీద ఆ వేళప్పుడు బయల్దేరి బొల్లాపల్లి చేరడం జరిగే పని కాదు.

అలా వరసగా మూడు సోమవారాలు పోయాయి. నాకు నిద్ర పట్టేది కాదు. బొల్లాపల్లి బడి వరండాలో ఏడో నెల గర్భిణి ఒకామె కాళ్ళ వాపు చూసి, వచ్చే సోమవారం మళ్ళీ చూస్తానమ్మా, తప్పకుండా రా అని చెప్పి వచ్చాను. ఆమె నాలుగు మైళ్ళు నడిచి వచ్చి, కూర్చుని, మధ్యాహ్నం దాకా చూసి వెళ్ళిపోతోందని ఆ ఊరి బడిపంతులు కబురు పెట్టారు. వచ్చే వారం కూడా ఇంతే అయితే బొల్లాపల్లి మానేద్దాం, ఆ రోజు దగ్గరి ఊళ్ళు చూసుకుందాం అంది డాక్టరమ్మ. ఆమె తప్పు కాదు, బండిని నమ్ముకుని ఎంతమందిని కూర్చోబెట్టగలదు.

నేను షెడ్డుకెళ్ళి చలికి బండి బిగుసుకుపోతోంది, ఏదో ఒకటి చెయ్యి బాబాయ్ అన్నాను. ఆయన నా కాంపు డైరీ తెమ్మన్నాడు. ఏ రోజు ఎన్నింటికి బయల్దేరామో అందులో రాసుకునేదాన్ని. వేలితో గీతలు పట్టుకుంటూ చదివించుకున్నాడు. మంగళవారం ఆరున్నర, బుధవారం ఆరు, గురువారం ఆరున్నర.

"సోమారం చలి వేరు, మంగళారం చలి వేరూనా, పిల్లా?"

బండి పడుకున్న చోటే దాన్ని చూడాలి, ఇన్నాళ్ళూ రోడ్డు మీదికొచ్చాక చూసి మోసపోయాను అన్నాడు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మెడలో తువ్వాలుతో పైకొచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగి ఆగాడు. వారమంతా రోడ్డుకేసి, కిందికి చూస్తూ నిలబడే బండి ఆ రోజు గుడికేసి, పైకి చూస్తూ ఉంది. నేను రోజూ చూసేదే, ఎప్పుడూ పట్టించుకోలేదు.

డ్రైవరన్నను అడిగితే నసిగాడు. వానాకాలంలో ఆయన కూతురికి టైఫాయిడ్ వచ్చి చావుదాకా వెళ్ళి బతికింది. పిల్ల లేచి నడిస్తే ఆదివారం పూట గుడికి వీపు పెట్టి బండి నిలపనని ప్రార్థనలో మొక్కుకున్నాడట. అందుకని శనివారం సాయంత్రం తిప్పి పెట్టేవాడు.

బాబాయి గోనెపట్టా పరుచుకుని బండి కింద దూరి, ట్యాంకీ నుంచి వచ్చే పైపు వెంట బొటనవేలు పోనిచ్చాడు. ఒక బిగింపు దగ్గర దుమ్ము తడిగా అంటుకుని ఉంది. నన్నూ వంగి చూడమన్నాడు. అక్కడి రాగి వాషరు నలిగిపోయింది. బండి ముక్కు కిందికి పెట్టి పడుకుంటే ఆ సందులోంచి ఓ బొట్టు బయటికి కారుతోంది, అంతే. ముక్కు పైకి పెట్టి పడుకుంటే పైపులో డీజిలు వెనక్కి ట్యాంకీలోకి జారిపోయి, దాని చోటులోకి గాలి దూరుతోంది. తెల్లారేసరికి ఇంజనుకు తాగడానికి గాలి తప్ప ఏమీ ఉండటం లేదు.

అయితే ఇంకేముంది, రోజూ లాగే కిందికి తిప్పి పెట్టమంటే సరిపోతుంది కదా అన్నాను. ఆయన బండి కింద నుంచి తల బయటికి పెట్టి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"చెడింది వాషరు. ఆడి మొక్కేం జేసింది?"

కొత్త వాషరు వేసి, ఎయిర్ తీసి, బండి ఆ రాత్రికి గుడికేసే ఉండాలని పట్టుబట్టాడు. అలా పడుకుని లేస్తేనే బాగైనట్టు. సోమవారం పొద్దున డ్రైవరన్న బటన్ నొక్కితే ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. బొల్లాపల్లి వరండాలో ఆమె ఉంది, మొహం కూడా వాచి ఉంది. ఇంకో వారం అయితే ఫిట్సొచ్చి ఏమయ్యేదో నాకు తెలుసు. వ్యానులోనే పడుకోబెట్టి తీసుకొచ్చాం. నెల తిరిగాక ఆడపిల్లను కన్నది, ఇద్దరూ క్షేమంగా ఇంటికి వెళ్ళారు.

ఏమిటి జబ్బని డాక్టరమ్మ అడిగితే, వాషరు నలిగిందండీ, చిన్నదే అని ఊరుకున్నాడు. నాకేమో నోరు దురద పెట్టింది. తర్వాత షెడ్డులో, డ్రైవరన్న మొక్కు సంగతి ఆమెకెందుకు చెప్పలేదని అడిగాను. కిరసనాయిలుతో చేతుల మసి కడుక్కుంటూ చెప్పాడు.

"ఆమె ఊరికే నవ్వుద్ది, తప్పుగాదు. కానీ ఆడు మళ్ళా గుడి దిక్కు చూడలేడు."

నేను చదువుకున్న నర్సింగు పుస్తకాల్లో ఈ మాట లేదు. ఆ తర్వాత ఒక ముసలామె కురుపు లేచి వాచిన చేతికి బిగుసుకుపోయిన తాయెత్తుతో వచ్చింది. కత్తెర తెమ్మని కేక వేయబోయి ఆగాను. దారం మెల్లగా వదులు చేసి రెండో చేతికి కట్టి, అప్పుడు కురుపు కోశాను. ఆమె నన్ను దీవించింది. దీవెన ఆయనకు చేరాల్సింది.

ఆయనకూ లోపాలు లేకపోలేదు. కోపం ముక్కు మీదే ఉండేది, ఇంకో మేస్త్రి చేసిన పనిని మెచ్చుకోగా నేను వినలేదు. నిరుడు చలికాలం నుంచి వాలు ఎక్కి వస్తే ఆయాసపడేవాడు. ఆసుపత్రికి రమ్మంటే, ఎయిర్ పట్టిందిలే సిస్టరమ్మా, అదే పోద్ది అనేవాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ముందు ఏం జరుగుతోందో అడగాలని నేర్పినవాణ్ణి కూర్చోబెట్టి నేను అడగలేదు. అది నాకు ఎప్పటికీ పోని బాధ.

ఆదివారం ఆయన్ని సాగనంపారు. ఆరాధన అయిన వెంటనే డ్రైవరన్న కూడా పాడె వెంట వెళ్ళాడు. ఆయనకూ ఇప్పుడు జుట్టు నెరిసింది, ఆ కూతురికి పెళ్ళయింది. వచ్చి స్నానం చేసి, వ్యాను తాళాలు తీసుకుని పైకి వెళ్ళాడు. ఇంజను చప్పుడు వినబడితే ఇప్పుడు ఎక్కడికా అని కిటికీలోంచి చూశాను.

ఎక్కడికీ వెళ్ళలేదు. గుడికేసి ఉన్న బండిని వెనక్కీ ముందుకీ మెల్లగా తిప్పి, బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, గుడి వైపు ఒకసారి చూసి ఇంటికి వెళ్ళిపోయాడు. పదేళ్ళలో మొదటిసారి, ఆదివారం పూట, మా వ్యాను గుడికి వీపు పెట్టి, రోడ్డు అవతల మూసి ఉన్న రేకుల షెడ్డుకేసి చూస్తూ నిలబడి ఉంది.