మొప్ప ఎత్తి చూపిన రోజు

సహోదరీ సహోదరులారా, ఈ సాక్ష్యం ఎప్పుడో రాయవలసింది, కానీ మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా దాని అక్షరాలు నాకు వచ్చేవి కావు, యాభై దాటాక మన సంఘంలో పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను, ఇప్పటికీ నాలుగు మాటలు రాస్తే చేయి అలసిపోతుంది.

నేను తమిళం మాట్లాడే ఊళ్ళో, సముద్రం ఒడ్డున కురుచికుప్పంలో చేపలు అమ్మేదాన్ని. కొనేవాళ్ళు అడగకముందే మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించడం మా అమ్మ నేర్పిన పద్ధతి, నిన్నటి చేపను నేటిదని ఏనాడూ అమ్మలేదు. అలాంటి నేను నా కాలిని మాత్రం గుడ్డ చుట్టి దాచాను. షుగరుందని డాక్టరు చెబితే నమ్మలేదు, అరికాలి పుండు చేపముల్లు గుచ్చుకున్నదే అన్నాను, ప్రార్థనతో మానిపోయిందని సంఘంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను! కోడలు మేరీ గుడ్డ విప్పబోతే కసిరేదాన్ని. "యాడికత్తా ఈ కుంటుకుంటా? ఆస్పత్రికి పోదాం రా" అని అడిగి అడిగి ఆ పిల్లా అలసిపోయింది. మానిందని చెప్పుకోవడానికే నా బలమంతా అయిపోయేది.

ఒకరోజు ఎప్పుడూ నా దగ్గరే కొనే ఆమె ముక్కు మూసుకుంది. "ఏందక్కా, వాసనొస్తా ఉండాది. ఐసు చేపలు నువ్వు గూడా మొదలుపెట్టినావా?" అని నవ్వింది. మొప్ప ఎత్తి చూపాను, ఎర్రగా ఉంది. ఇంకోటి ఎత్తాను, అదీ ఎరుపే. బుట్టలోవన్నీ ఎత్తి చూపాను. చేపలన్నీ మంచివే, వాసన మాత్రం పోలేదు. ఆమె చూపు నా కాలి గుడ్డ మీద పడింది. చేప తీసుకుని పోయింది.

ఆ సాయంత్రం మన సంఘం గుడిలో మోకరించలేక బెంచీ మీదే కూర్చున్నాను. ఏడ్చే ఓపిక కూడా లేదు. "ప్రభువా, చేప గురించి ఎప్పుడూ నిజమే చెప్పాను, నా గురించి చెప్పలేకపోయాను. మానలేదు తండ్రీ, నా కాలు మానలేదు" అన్నాను. అంతే నా ప్రార్థన.

ఆసుపత్రిలో రెండు కాలివేళ్ళు తీసేశారు, కాలు నిలిచింది, దేవునికే మహిమ! షుగరుకు రోజూ సూది వేసుకోవాలి, అలసట ఇంకా ఉంది, కానీ దాచే అలసట పోయింది. మీరు దాచుకున్నది ఏదైనా సరే, ఆయన ముందు విప్పండి, ఆయన ముఖం తిప్పుకోడు.

ఆ ప్రార్థన చేసిన మరునాడు పొద్దున నేను బుట్ట ఎత్తలేదు. మేరీతో బస్సెక్కి గోరిమేడు ఆసుపత్రికి పోయి, డాక్టరమ్మ అడగకముందే కాలు బల్ల మీద పెట్టి, గుడ్డ నేనే విప్పాను.