సుగుణమ్మ మేడం పరిచిన మూడు చాపలు

మొన్నటి వేసవిలో పిల్లలతో కలిసి చెన్నైలో ఓడ ఎక్కాం. పెద్దవాళ్ళు డెక్ మీద తిరిగేటప్పుడు పిల్లలను వదిలిపోవడానికి ఓడలో ఒక పెద్ద గది ఉంది. మేము లోపలికి వెళ్ళేసరికి ఒక మూల ఎవరో అమ్మాయి కొత్త తుంగచాప విప్పి దులుపుతోంది. ఆ ఎండుగడ్డి వాసన ముక్కుకు తగలగానే సముద్రం మీద ఉన్నామన్న సంగతే మరిచిపోయాను. బల్ల దగ్గరున్నామె పిల్లల వయసులు అడిగింది. మా నిత్యకు పదేళ్ళు, చిన్నుకు ఆరు. ఇద్దరివీ వేర్వేరు జట్లు. "కావాలంటే ఇద్దరినీ చిన్నవాళ్ళలోనే కలిపి ఉంచుతాం సార్" అంది. "అట్లే చేయండి, అక్క పక్కనుంటే వాడు ఏడవడు" అని నా భార్య వెంటనే ఒప్పుకుంది. నిత్య తమ్ముడి చెయ్యి పట్టుకుని తన చెప్పులవైపు చూస్తూ నిలబడింది. అచ్చం అలాగే నిలబడిన ఇంకొక అమ్మాయిని నేను ఎరుగుదును.

తొంభైల చివర్లో నేను హిందూపురంలో బి.ఇడి. ముగించి ఖాళీగా ఉన్నాను. సుగుణమ్మ మేడం పెనుకొండలో ఉండేవారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. అరవై దాటినా గొంతు మాత్రం బడి గంటలా మోగేది. ఎండాకాలం సెలవుల్లో ధర్మవరంలో నేతపనివాళ్ళ పిల్లల కోసం, మగ్గాలు తీసేసిన ఒక పాత షెడ్డులో ఆటపాటల బడి నడిపేవారు. నన్ను సహాయానికి పెట్టుకున్నారు. పొద్దున నేను హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే, ఆమె పెనుకొండలో బొరుగుల సంచీతో ఎక్కేవారు. "జరుగప్పా, నా మోకాళ్ళకు కూడా ఒక సీటు కావల్ల" అంటూ కాళ్ళు చాచుకుని కూర్చునేవారు. నేను పిల్లలతో చేయగలిగే పని ఏదైనా నేర్చుకున్నానంటే, బి.ఇడి.లో కన్నా ఆ రైల్లోనే ఎక్కువ.

షెడ్డులో మూడు ఈతచాపలు పరిచేవాళ్ళం: చిన్న చాప, నడిమి చాప, పెద్ద చాప. ఏ బిడ్డ ఏ చాప మీద కూర్చోవాలన్నదే మొదటి రోజు పని. ఆ పని నాకు అప్పగించారు. నేను వాళ్ళు చదివే బడి రికార్డులోని పుట్టిన తేదీలు చూసి చకచకా కూర్చోబెట్టేశాను. మరుసటి రోజు రైల్లో ఆ మాట గర్వంగా చెబితే ఆమె పగలబడి నవ్వారు. "ఆ తేదీలు రాసింది మాలాంటి హెడ్మాస్టర్లే కదప్పా! జూన్ నెల వచ్చిందంటే ఊర్లో పిల్లోళ్ళంతా ఒగే దినం పుడతారు. నేనే ఎంతమందిని పుట్టించినానో."

"మరి ఎట్లా తెలుస్తుంది మేడం?"

"మజ్జాన్నం సద్ది ఇప్పేటప్పుడు చూడు. యాడ కుచ్చుంటే ఆ బిడ్డ పక్కకు చూడకుండా అన్నమంతా తింటాదో, అదీ దాని చాప."

నేత పనిచేసే నారాయణప్ప పిల్లలు వరలక్ష్మి, గంగరాజు. ఆడపిల్ల ఒక్కతే బడికి పోవడమెందుకని తమ్ముణ్ణి కూడా వయసు పెంచి అదే తరగతిలో చేర్పించారు. అందువల్ల రికార్డులో అక్కాతమ్ముళ్ళకు నాలుగు నెలలే తేడా. మేడం అది చూసి "వీళ్ళమ్మ గట్టిది అబ్బా, నాలుగు నెల్లకే ఇంకోణ్ణి కనింది!" అన్నారు. నేను ఇద్దరినీ పెద్ద చాప మీద కూర్చోబెట్టాను. ఆ చాప మీది పిల్లలకు కోలాటం నేర్పేవాళ్ళం. వరలక్ష్మికి కోలలంటే ప్రాణం. కానీ ఆ పిల్ల లేస్తే చాలు, గంగరాజు అక్క లంగా పట్టుకుని ఏడుపు మొదలుపెట్టేవాడు. పెద్ద పిల్లల మధ్య వాడికి భయం. దాంతో వరలక్ష్మి గోడ వారన నిలబడి, తన పాదాలు చూసుకుంటూ, పక్కవాళ్ళ కోలల చప్పుడుకు వేళ్ళతో తొడ మీద తాళం వేసేది. మధ్యాహ్నం తమ్ముడికి బతిమాలి తినిపించేది. తన సద్ది సగం మిగిలిపోయేది.

కొన్ని రోజులు చూసి మేడం గంగరాజును నడిమి చాపకు మార్చారు. కారణం ఎవరికీ చెప్పలేదు. చెప్పడం ఆమెకు అలవాటు లేదు. వాడు ఒక పూట ఏడ్చి, రెండో పూటకు గోలీలాటలో పడ్డాడు. వరలక్ష్మి చేతికి కోలలు వచ్చాయి. ఆ పిల్ల గుండ్రంగా తిరుగుతుంటే షెడ్డులో ఉన్న మేమంతా పని మాని చూశాం.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక ఉదయం నారాయణప్ప కోపంగా వచ్చాడు. "ఏం మేడమ్మా, ఐదో తరగతి చదివే నా కొడుకును పాలుతాగే పిల్లోళ్ళతో కుచ్చోబెట్నారంట? వీధిలో వాణ్ణి 'నడిమోడు' అని ఎక్కిరిస్తాండారు. నాకు తల ఎత్తుకోను లేదు."

"వాడు నగుతాండాడా లేదా, అది చూడప్పా ముందు" అన్నారు మేడం.

అతడు నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సారూ. కాయితం ప్రకారం వాడు యాడ ఉండాల?"

అందరూ నన్నే చూస్తున్నారు. నేను మొదట కూర్చోబెట్టిన చోటే సరైనదని అనిపించుకోవాలన్న ఆశ, చదువుకున్నవాడినన్న బింకం. "కాగితం ప్రకారమైతే పెద్ద చాపే" అన్నాను. నారాయణప్ప ఇంక పంపనంటూ ఇద్దరినీ చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. వరలక్ష్మి వాకిట్లో ఆగి, వెనక్కి వచ్చి, కోలలు చాప మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళింది.

సాయంత్రం రైల్లో మేడం ఎప్పటిలాగే బొరుగులు నా దోసిట్లో పోశారు. "నువ్వు చెప్పింది అబద్ధం కాదులేప్పా" అన్నారు. సంచీ మూతి ముడివేస్తూ, "పనికొచ్చే నిజం కూడా కాదు" అన్నారు.

ఒకరు తగ్గితే కోలాటంలో జత కుదరదు. నడిమి చాప నుంచి ఎవరినైనా తెద్దామన్నాను. "ఆ తావు ఖాళీ లేదు" అని ఆమె కొంగు బిగించి, వరలక్ష్మి కోలలు తీసుకుని, తానే వలయంలో నిలబడ్డారు. సెలవులు అయిపోయేదాకా ప్రతిరోజూ ఆడారు. ఆ మోకాళ్ళతో ఆమె ఎగరడం చూసి పిల్లలు కేరింతలు కొట్టేవారు. దారిన పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి "ముసల్దానికి కోలాటం పిచ్చి పట్టిండాది" అని నవ్వేవారు. నేనూ నవ్వాను. ధర్మవరంలో ఆమె పేరెత్తితే ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి: మగ్గపోళ్ళ పిల్లోణ్ణి కించపరిచిందనీ, చివరికి పిల్లల్తో ఎగిరిందనీ. మొదటి మాటకు నా నోరే సాక్ష్యం. రెండోదాన్ని నేనే చాలా చోట్ల తమాషాగా చెప్పాను.

మేడం పోయిన కొన్నేళ్ళకు, హిందూపురం బస్టాండులో ఒకామె చంకలో బిడ్డతో వచ్చి పలకరించింది. వరలక్ష్మి. పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గర కాపురమట. "తమ్ముడు బాగుండాడు సార్. అందరూ మేడం వాణ్ణి తక్కువ చేసిందనుకున్న్యారు. మేడం వాణ్ణి కాదు సార్, నన్ను చూసింది" అంది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అడిగింది. "నేను పోయినాక నా కోలలు ఎవరికిచ్చినారు సార్ ఆమీట?"

"ఎవరికీ ఇవ్వలేదమ్మా. మేడమే నీ తావులో ఆడింది."

"మేడమా? ఆ మోకాళ్ళతోనా?" అని పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను అంతవరకు చెప్పుకుని నవ్విన సంగతికి అర్థం ఆ బస్టాండులో, బెంగుళూరు బస్సుల రొద మధ్య నాకు తెలిసింది. మేడం సరదాకు ఆడలేదు. ఆ పిల్ల తిరిగి వస్తుందేమోనని చోటు పట్టి ఉంచారు.

ఓడలో నేను నిత్య వేళ్ళ మధ్య నుంచి చిన్ను చేతిని మెల్లగా విడిపించాను. "ఎవరి జట్టులో వాళ్ళను ఉంచండి" అన్నాను. వాడు గట్టిగానే ఏడ్చాడు. నా భార్య నావైపు కోపంగా చూసింది. మధ్యాహ్నం భోజనాల వేళ నేనొక్కణ్ణే వెళ్ళి గది అద్దంలోంచి చూశాను. చిన్ను ముక్కు ఎర్రగా ఉంది కానీ పక్కవాడి పళ్ళెంలోంచి ఏదో లాక్కుంటున్నాడు. అవతలి బల్ల దగ్గర నిత్య కొత్త స్నేహితురాళ్ళ మధ్య కూర్చుని, ఎటూ చూడకుండా అన్నం తింటోంది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.