కొండ గేర్లు

పెళ్ళయిన కొత్తలో ఆమెకు జీపు నడపడం నేర్పింది భర్తే. నేర్పడమంటే ఓపిగ్గా పక్కన కూర్చుని నేర్పాడని కాదు. క్లచ్ వదలడంలో తడబడినప్పుడల్లా, "నీ కాలు క్లచ్ మీదుందా, నా పీక మీదుందా?" అని కేకలేసేవాడు. ఆమె మూతి ముడుచుకుని దిగిపోయేది. సాయంత్రానికి మళ్ళీ తనే వచ్చి స్టీరింగ్ ముందు కూర్చునేది. ఎప్పుడో సరదాకి నేర్చుకున్న ఆ పనే రేపు ఇంటిని నిలబెడుతుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

వాళ్ళ ఇల్లు కొండ కింద. కొండ మీద రాళ్ళు కొట్టేవాళ్ళ బస్తీ, పండ్ల తోటలు, ఒక చిన్న బడి ఉన్నాయి. పైకి తారు రోడ్డు లేదు. రాళ్ళూ మట్టీ కలిసిన దారి ఒకటుంది, వాన పడితే అదే వాగు. సరుకుల బస్తాలు, గ్యాస్ బండలు, బడి టీచరమ్మ, జ్వరం తగిలిన పిల్లలు, పైకి వెళ్ళాలన్నా కిందికి రావాలన్నా ఆయన చిన్న జీపే దిక్కు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ మాటా పడిపోయాక ఆ పని ఆమె అందుకుంది. మొదట్లో పైవాళ్ళు సరుకులు మాత్రం జీపులో ఎక్కించి, తాము వెనకాల నడిచి వచ్చేవాళ్ళు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. వానాకాలాలు గడిచేకొద్దీ ఒక్కరొక్కరే ఎక్కడం మొదలుపెట్టారు. రాళ్ళు కొట్టేవాళ్ళలో ఎవరో "జీపక్క" అన్నారు. అదే నిలిచిపోయింది.

ఆయన చక్రాల కుర్చీ వీధి వైపు కిటికీ దగ్గర ఉండేది. నోట్లో మిగిలినవి రెండే మాటలు. ఒకటి "ఊఁ", రెండోది "కాదు". కానీ చెవులకు ఏమీ కాలేదు. జీపు కొండ దిగి సందు మొదట్లోకి రాగానే చప్పుడు బట్టి దాని ఒంట్లో ఎలా ఉందో పట్టేసేవాడు. ఒకసారి ఆమె ఇంట్లోకి అడుగు పెట్టకముందే ఎడమ చేత్తో కుర్చీ చక్రం పట్టుకుని ఊపి ఊపి చూపించాడు. బయటికెళ్ళి చూస్తే ముందు చక్రం నట్టు ఒకటి వదులై ఉంది. "మా ఆయన మంచానపడ్డా మెకానిజం మంచానపడలేదు" అని ఆమె నవ్వుతూ అందరికీ చెప్పుకుంది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. ఒక ఉదయం ముందు సీట్లో టీచరమ్మ, వెనక గ్యాస్ బండలతో ఆమె రాతి మలుపు ఎక్కుతోంది. దారి మొత్తం మీద నిట్టనిలువుగా ఉండేది అక్కడే. ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. మలుపు మధ్యలో వెనక ఇరుసులో టప్పుమని ఏదో విరిగింది. తర్వాత ఇనుము ఇనుమును నమిలినట్టు ఒకటే గరగర. ఇంజను అరుస్తోంది, వెనక చక్రాలు తిరగడం లేదు, ముందు చక్రాలు ఒట్టి బురద చిమ్ముతున్నాయి. ఆమె బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. అయినా జీపు జిగురు మట్టి మీద వెనక్కి జారుతూనే ఉంది. అంచున ఉన్న ఒక బండరాయికి వెనక చక్రం తగిలి ఆగింది.

"అక్కా, దిగిపోనా?" టీచరమ్మ గొంతు పీలగా వచ్చింది.

"ఊగకుండా దిగండి టీచరుగారూ. మీ వైపు కొండే ఉంది, భయం లేదు."

ఆమె వైపు మాత్రం కొండ లేదు. టీచరమ్మ దిగాక ఆమె సీట్ల మీద నుంచి పాకి అదే వైపు నుంచి బయటపడింది. ఆ బురదలోనే కూలబడిపోయింది.

ట్రాక్టరుతో జీపును కిందికి లాగించి షెడ్డుకు చేర్చారు. షెడ్డు మెకానిక్కు ఆమెను చెల్లెమ్మా అనేవాడు, ఆమె భర్తను బావా అనేవాడు. చుట్టరికం లేదు, పాత స్నేహం. వెనక ఇరుసు విప్పి, నల్లటి నూనెలో అయస్కాంతం ముంచి పైకి తీశాడు. విరిగిన పళ్ళు గుత్తిలా అతుక్కుని వచ్చాయి.

"చూశావా, ముసలాడి నోరయిపోయింది. తప్పు బావదే. రాళ్ళు తగలకుండా ఉంటుందని పెద్ద టైర్లు వేశాడు, గేర్లు మాత్రం పాతవే ఉంచాడు. ఆ బరువంతా ఇన్నాళ్ళూ ఈ పళ్ళే మోశాయి."

బల్ల మీద రెండు జతల గేర్లు పెట్టాడు. ఒకటి ఇలాంటిదే పాడైపోయిన మరో జీపులోంచి తీసింది, అచ్చం పాతదానిలాంటిదే. రెండోది కొత్తది. దాంట్లో చిన్న గేరుకు, అంటే పినియన్‌కు, పళ్ళు తక్కువ.

"ఈ చిన్నది ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నదే అసలు సంగతి. కొత్తదాంట్లో ఎక్కువ చుట్లు తిరగాలి. బలం పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. వీటిని కొండ గేర్లనుకో, పాతవాటిని రోడ్డు గేర్లనుకో. ఏవి వేసినా ముందూ వెనకా ఒకే రకం వెయ్యాలి. ముందొకటీ వెనకొకటీ వేస్తే నాలుగు చక్రాలూ ఒకదాన్నొకటి పీక్కు చస్తాయి."

"నువ్వయితే ఏవి వేసుకుంటావన్నయ్యా?"

"నేను కొండెక్కను గదా!" అని నవ్వి, ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "నీ పని పైన. కొండవే వేస్తాను. కానీ తారు రోడ్డు మీద ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం సాగదు. తర్వాత నన్ను తిట్టకూడదు మరి."

ఆమె రెండు పినియన్లూ గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళింది. ఆయన్ను అడక్కుండా ఆ జీపుకు ఒక్క నట్టు కూడా మార్చింది లేదు. ఆయన ఎడమ చేత్తో ఒక్కొక్కటీ తడిమి చూశాడు. పాతదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కొత్తదాన్ని పక్కకు నెట్టాడు.

"అన్నయ్య కొండవే మంచివంటున్నాడండీ."

"కాదు."

"ఎందుకు కాదు?"

ఆయన మెడ నరాలు ఉబ్బాయి. "రో... రో..." అన్నాడు.

"రోడ్డా?"

"ఊఁ."

"రోడ్డు మీద మనకేం పని? వారానికోసారి ఆసుపత్రికి. కాస్త ఆలస్యంగా వెళ్తే కొంపలు మునిగిపోతాయా?"

"కాదు. కాదు." ఆయన కుర్చీ చేతి మీద కొట్టాడు. ఇంకా ఏదో చెప్పాలని పెదాలు కదిపాడు గానీ చొంగ తప్ప మాట రాలేదు.

రాతి మలుపు దగ్గర నుంచి ఆమె లోపల బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "వెనక్కి జారింది మీరు కాదు, నేను! రేపు మళ్ళీ ఎక్కాల్సింది కూడా నేనే!"

ఆయన కొట్టడం ఆపేశాడు. ఆమె వంగి ఆయన ఒళ్ళోని పినియన్ తీసుకుంది. ఆయన వేళ్ళు అడ్డం పడలేదు.

పట్నంలో మందుల షాపులో పనిచేసే కూతురికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పింది. "బండి సంగతులు నీకంటే నాన్నకే తెలుసు కదమ్మా" అంది కూతురు. "తెలుసు. కానీ నడిపేది నేను" అంది ఆమె. మాట అక్కడితో ఆగింది.

మెకానిక్కు కొండ గేర్లే బిగించాడు. పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో తెలియడానికి వాటికి రంగు పూసి, చేత్తో తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూసి, విప్పి, మళ్ళీ బిగించి, పని నిదానంగా చేశాడు. ఆ తర్వాత జీపు రాతి మలుపు ఎక్కిన తీరు చూసి టీచరమ్మ ఆశ్చర్యపోయింది. గోడ మీద బల్లిలా పట్టుకుని, ఎక్కడా జారకుండా, తొందరపడకుండా ఎక్కేసింది. దిగేటప్పుడు కూడా ఇంజనే బండిని పట్టి ఉంచేది, బ్రేకు మీద కాలు ఊరికే ఆనించితే చాలు. ఆమె రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఇంట్లో మాత్రం ఒకటి మారింది. జీపు సందులోకి వచ్చినప్పుడు ఆయన ఇదివరకటిలా చెవి రిక్కించడం మానేశాడు. అడిగితే "ఊఁ" అనేవాడు. అలక అనుకుంది. అలకే అయితే తీరుతుందిలే అనుకుంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం ఆమె కొండ దిగి ఇంటికి వచ్చేసరికి ఆయన కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆమెను చూడటం లేదు. గొంతులో గురక. ఆమె కేకలకు పక్కింటి పిన్ని పరుగెత్తుకొచ్చింది. అంబులెన్సు పట్నం నుంచి రావాలి, వచ్చి మళ్ళీ అదే దారిన వెళ్ళాలి. ఇద్దరూ కలిసి ఆయన్ను మోసి జీపు వెనక సీట్లో పడుకోబెట్టారు. పిన్ని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది.

పట్నం దాకా చదునైన తారు రోడ్డు. ఆమె పెడల్‌ను నేలకు ఆనేదాకా తొక్కింది. ఇంజను చెవులు పగిలేలా ఏడ్చింది. జీపు మాత్రం తన నడక తనదే అన్నట్టు సాగింది. లారీలు హారన్ కొట్టి దాటిపోయాయి. పాల డబ్బాల ఆటో ఒకటి దాటిపోయింది.

"అమ్మాయ్, కాస్త తొందరగా పోనివ్వవే!" అంది పిన్ని వెనక నుంచి.

"పోదు పిన్నీ. ఇంతే. ఇంతకంటే పోదు."

ఆసుపత్రిలో ఆయన మూడో రోజు తెల్లవారకముందే పోయాడు. ముందే తెచ్చి ఉంటే బతికేవారా అని ఆమె డాక్టరును అడిగింది. "ఇది చాలా పెద్దదమ్మా. ముందొచ్చినా మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు" అన్నాడు డాక్టరు. మెత్తగానే చెప్పాడు. పక్క మంచం వాళ్ళకు కూడా అదే గొంతుతో, అదే మాట చెప్పడం ఆమె అంతకుముందు రోజే విన్నది.

లారీల సంగతి పిన్ని నోట కూతురు విన్నది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయేదాకా ఆగింది. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి అంది. "నాన్న వద్దన్నాడు. రోడ్డని చెప్పాడు. నువ్వే నాతో అన్నావు. ఆ బండికి పరుగు లేకుండా చేసింది నువ్వేనమ్మా."

ఆమె గిన్నె తోముతోంది. తోముతూనే ఉంది. కూతురు ఆ సాయంత్రమే బస్సెక్కింది.

కొన్నాళ్ళకు ఆమె షెడ్డుకు వెళ్ళింది. మెకానిక్కు స్టూలు తుడిచి వేశాడు, ఆమె కూర్చోలేదు.

"రోడ్డువి వేసుంటే ఆ రోజు తొందరగా వెళ్ళేదాన్నా?"

మెకానిక్కు గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "డాక్టరు చెప్పాడు కదా చెల్లెమ్మా..."

"డాక్టరు సంగతి కాదు. గేర్ల సంగతి చెప్పు."

"వెళ్ళేదానివి. కొంత ముందే చేరేదానివి. నీకు అబద్ధం చెప్పలేను."

ఆమె తల ఊపింది. ఆ ఒక్క మాట కోసమే వచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"మార్చమంటే మారుస్తాను. ఆ జత ఇంకా ఇక్కడే ఉంది" అన్నాడు వెనక నుంచి.

"మారిస్తే పైకెవరు తీసుకెళ్తారు?" అంది ఆమె. మర్నాడు మామూలుగానే కొండెక్కింది.

ఎక్కడం మానలేదు గానీ మాట తగ్గిపోయింది. రాళ్ళు కొట్టేవాళ్ళు ఇదివరకటిలా వేళాకోళమాడితే నవ్వడానికి ప్రయత్నించేది. ఇంట్లో చక్రాల కుర్చీ కిటికీ దగ్గర నుంచి కదపలేదు. రోడ్డు అన్నప్పుడు ఆయన ఏం చెప్పబోయాడో ఆలోచిస్తూ దాని ఎదురుగా కూర్చునేది. తన ఒంట్లో జరగబోయేది ముందే తెలిసి చెప్పాడా? లేక తను మెచ్చి కొన్న జీపు అలాగే ఉండాలన్న పంతమా? ఇంకోసారి, కోపం లేకుండా, మెల్లిగా అడిగి ఉంటే ఊఁ, కాదులతోనైనా చెప్పించి ఉండేదాన్నేమో అనుకునేది. అప్పుడు అంత టైము ఉంది. అడగలేదు.

మళ్ళీ వానలు పడేనాటికి కూతురు తండ్రి బట్టలు సర్దడానికని వచ్చింది. తల్లీ కూతుళ్ళ మధ్య అవసరానికి మించి మాటల్లేవు. ఆ పొద్దున్నే టీచరమ్మ ఫోన్ చేసింది. పైన బండ దొర్లి ఒకతని తొడ విరిగింది. ఆమె తాళాలు తీసుకుంది. "వెనక పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి" అంది, ఎవరితోనన్నది లేకుండా. కూతురు చెప్పులేసుకుని వచ్చి జీపెక్కింది.

రాతి మలుపు దగ్గర కూతురు కిందికి చూసి ముందున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. జీపు ఒక్కో రాయినీ తడుముకుంటూ ఎక్కింది. పైన ఆ దెబ్బ తగిలినతన్ని చెక్క పలక మీద కట్టి ఎక్కించి, అదే దారిన దిగి, తారు రోడ్డు మీదికి వచ్చారు. అక్కడ ఇంజను ఏడుపు మొదలైంది. లారీలు దాటిపోసాగాయి. అతను నొప్పికి అరుస్తున్నాడు. కూతురు అతని భుజాలు అదిమి పట్టుకుని ముందుకు చూసింది. తల్లి స్టీరింగ్ మీదికి వంగి, పెడల్ మీద మనిషి బరువంతా వేసి, బండిని తనే నెడుతున్నట్టు కూర్చుని ఉంది. మెడ వెనక చెమట.

"అమ్మా, ఆ రోజు కూడా..." అంది కూతురు.

"అతని కాలు కదలనివ్వకు" అంది ఆమె వెనక్కి చూడకుండా.

అతను బతికాడు. కాలు కాస్త పొట్టిదైంది. కూతురు మరో రెండు రోజులుండి వెళ్ళిపోయింది. వంటింట్లో అన్న మాట వెనక్కి తీసుకోలేదు, ఆమె తీసుకోమని అడగలేదు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "పైన వాన పడుతోందా?" అని అడుగుతుంది. పడుతుంటే పడుతోందని ఆమె చెబుతుంది. ఇద్దరిలో ఎవరూ వెంటనే పెట్టెయ్యరు. తర్వాత ఎవరో ఒకరు పెట్టేస్తారు.