మసకలో ఉన్న నాయన

పాత సినిమాలను కొత్త ప్రింటులో చూసేటప్పుడు, గుంపులో నిలబడినవాళ్ల ముఖాలు నేను చూడను.

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కితే, పక్క సీటులో ఒకామె ఫోనులో పాత సినిమా చూస్తోంది. పత్తి మార్కెట్టులో జనం నిలబడిన సీను దగ్గర ఆపి నాకు చూపించింది.

"మా నాయన ఈడ నిలబడినాడని మాయమ్మ సెప్తాండె అన్నా. ఇంట్లో ఇంకో ఫోటో లేదు. పెద్దల అమావాస్యకు సీడీ ఏసి, ఈడ ఆపి, టీవీకే బొట్టు పెట్టి టెంకాయ కొడ్తాంటిమి. సీడీ పాడైపాయ. ఇప్పుడు ఈ సినిమాను తళతళమనేట్టు చేసి మల్లా ఇడిసినారంట. మా నాయనకు మొగమంతా అమ్మవారి మచ్చలుండె. ఈయప్పకు ఒగటీ లేదు."

తెరమీది మనిషి చొక్కా గుండీలు కూడా కనబడుతున్నాయి. ఆమె గొంతులో ఏడుపూ లేదు, కోపమూ లేదు.

"ముందర మాదిరి చేసేకి కాదా అన్నా?"

నేను సెట్టింగుల్లోకి పోయి క్వాలిటీ బాగా తగ్గించాను. మచ్చలున్నాయో లేవో తెలియనంతగా ముఖం మసకబారింది. ఆమె చాలాసేపు చూసి, కొంగుతో తెర తుడిచింది.

"ఆ, ఈయప్పే."

ఎమ్మిగనూరులో దిగేముందు మళ్లీ ఫోను నా చేతికిచ్చింది.

"మల్లా బాగుగాకుండా ఎట్ల పెట్టుకోవల్లో సెప్పన్నా."

చెప్పాను.