గడియలు లేని వీధి

తాళాలు చేసేవాణ్ణి ఊరంతా నమ్మాలి, లేదా ఊరంతా భయపడాలి, మధ్యరకం లేదు. పూర్వం ఎడారి దేశాల్లో కొయ్య తాళాలుండేవట. తాళంచెవి మూరెడు పొడుగు, ఇంటాయన దాన్ని భుజానేసుకుని తిరిగేవాడట. ఈ ముచ్చట ఎక్కడో చదివిన తాళాలాయన, కొట్టుకొచ్చిన ప్రతివాడికీ వినిపించేవాడు. "వాళ్లకి బరువు తెలిసేదండీ. మనం మొలకి కట్టుకుని మర్చిపోతున్నాం" అనేవాడు. చివరికి మర్చిపోయింది ఆయనే.

పరాయి దొరలు ఏలే రోజుల్లో ఆయన జెండా పట్టి ఊరేగిన మనిషి కాదు. గొంతు పీల, నినాదానికి పనికిరాదు. ఆయన చేసిన పని వేరు. పోలీసులు తరిమితే ఉద్యమం కుర్రాళ్లు ఆ ఇరుకు వీధిలోకే వచ్చి పడేవాళ్లు. తలుపు కొడితే చప్పుడు, చప్పుడైతే సంకెళ్లు. అందుకని ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, లోపలి గడియలు పీకించేశాడు. అన్ని తలుపులకీ ఒకే చెవితో తిరిగే తాళాలు బిగించాడు. ఏ ఇంటి చెవైనా ఏ ఇంటికైనా పడుతుంది. రెండు మతాలవాళ్లూ గోడకి గోడ ఆనించుకుని బతికే వీధి అది. ఎవరి దేవుడి నీడన ఎవరు దాక్కున్నారో ఎవరూ అడగలేదు.

అలా దాక్కున్నవాళ్లలో బాకా ఒకడు. అరిస్తే నాలుగు వీధులకి వినబడేది గనుక ఆ పేరు. చివరికి అతనూ తాళాలాయనా ఇద్దరూ పట్టుబడి, జైల్లో ఒకే కంబళి కింద చలికాలాలు గడిపారు. బయటికొచ్చాక తాళాలాయన అతని మెళ్లో ఓ చెవి కట్టి, "ఇక ప్రతి ఇల్లూ నీ ఇల్లే తమ్ముడూ" అన్నాడు.

స్వాతంత్ర్యం వచ్చింది. గడియలు మాత్రం తిరిగి రాలేదు. చుట్టాలొస్తే వీధివాళ్లు తలుపులు చూపించి, "మాకు గడియలుండవండీ!" అని మురిసిపోయేవాళ్లు. తాళాలాయన ఆ మాట విని లోలోపల ఉబ్బిపోయేవాడు.

కొన్నేళ్లకి రెండు మతాల మధ్య నిప్పు రాజుకుంది. ఎవరు మొదలెట్టారని అడిగితే ప్రతివాడూ అవతలివాణ్ణి చూపించాడు. తాళాలాయన శాంతి సంఘం పెట్టాడు. అందులో చేరింది ఆయనా, ఎదురింటి బొత్తాలక్కా. చొక్కాలకి బొత్తాలు కుట్టి, మంచంపట్టిన అత్తని సాకుతున్న మనిషి ఆవిడ. మొగుడు పోయాడు, మతం అవతలిది. "మీ సంఘం సభకి ఒక్క పీట చాలు" అని తాళాలాయన భార్య ఎగతాళి చేసేది.

ఒకనాడు బజారు తగలబడింది. బాకా ఇప్పుడు తాళాలాయన మతంవాళ్ల గుంపుకి నాయకుడు. సాయంత్రానికి అతని మనుషులు ఈ వీధికొస్తారని తెలిసి, తాళాలాయన అతని ఆఫీసుకి పరుగెత్తాడు.

"తమ్ముడూ, ఆ చెవి ఇచ్చెయ్."

"ఏ చెవన్నా? నాకున్నవి రెండే. రెండూ నీ ఉపన్యాసాలకి తూట్లు పడ్డాయి."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"నీ మెళ్లోదిరా. వాళ్ల ఇళ్లల్లోనేగా నువ్వు తలదాచుకున్నది! జ్వరమొస్తే బొత్తాలక్క గంజి పోసింది నీకు."

బాకా నవ్వలేదు. చొక్కా గుండీ పెట్టుకుని చెవిని కప్పేశాడు. "అప్పటి మాట అప్పుడే పోయిందన్నా. నువ్వెళ్లి ఇంట్లో కూర్చో. నీ జోలికెవరూ రారు."

తిరిగొచ్చేసరికి వీధి రెండు కొసలా బాకా మనుషుల కాపలా పడింది. గడియలు బిగించే వ్యవధి లేదు. తలుపులు వీధివైపుకే తెరుచుకుంటాయి కాబట్టి లోపల మంచాలు అడ్డం పెట్టినా లాభం లేదు. ఇక మిగిలిన దారొక్కటే: మనుషుల్ని లోపలే ఉంచి, బయట తాళం వేసి, చెవి దూరే కన్నంలో ఉక్కు మేకు దిగ్గొట్టడం. అవతలి మతం వాళ్ల ఇళ్లన్నీ అలా మూసుకుంటూ ఎదురింటికొచ్చాడు.

"అన్నయ్యా, నిప్పు పెడితేనో?" అంది బొత్తాలక్క.

సుత్తి ఆగింది. "అత్తని తీసుకుని మా ఇంటికొచ్చెయ్యి చెల్లెమ్మా."

"ముందు వెతికేది మీ ఇల్లే. ఈవిణ్ణి కదిపితే ప్రాణం దారిలోనే పోతుంది." గుమ్మం లోపలికి అడుగేసింది. "కొట్టెయ్ అన్నయ్యా."

తలుపు మూసుకుంది. ఆయన కొట్టాడు.

బాకా చెవి ఏ తలుపుకీ దూరలేదు. తన్నారు, తిట్టారు. సైనికుల బళ్ల చప్పుడు వినబడేసరికి, పోతూ పోతూ ఎదురింటి తలుపు మీద కిరసనాయిలు పోసి అంటించారు. తాను దిగ్గొట్టిన మేకుని తాళాలాయన తానే పీకలేకపోయాడు. కాలుతున్న చెక్కని ఉలితో చీల్చి, ఎర్రబడిన తాళాన్ని వట్టి చేతుల్తో లాగాడు. బొత్తాలక్క బయటపడింది. అత్త అప్పటికే పొగకి పోయింది.

"నువ్వు మూయకపోతే బయటికొచ్చేవాళ్లేగా అన్నా" అని, గుంపు పోయినా చూస్తూ నిలబడ్డ బాకా తాపీగా నడిచి వెళ్లిపోయాడు.

మిగిలిన ఇళ్లు దక్కాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయన మతంవాళ్లు ద్రోహి అన్నారు. అవతలివాళ్లు, ఆ చెవి బాకా మెళ్లో కట్టిందెవరని అడిగారు. పొరుగూరి పనివాణ్ణి పిలిపించి అందరూ గడియలు పెట్టించుకున్నారు. తాళాలాయన ఒక్కడే పెట్టించుకోలేదు. భార్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయనా, ముడుచుకుపోయిన ఆ వేళ్లూ.

కాలిన ఇంట్లోంచి బొత్తాలక్కకి దక్కింది కొంగున ముడేసిన చెవి ఒక్కటే. ఆయన వేళ్లకి తాళం తిప్పే సత్తువ లేదు గనుక, వస్తూ తెరిచేదీ వెళ్తూ మూసేదీ ఆవిడే. రోజూ గంజి తెచ్చి చెంచాతో పోసేది. మాట మాత్రం ఉండేది కాదు.

ఓ మధ్యాహ్నం ఆయనే అడిగాడు. "చెల్లెమ్మా, ఆ రోజు నేను కొట్టకుండా ఉండాల్సిందా?"

"చల్లారిపోతోంది. నోరు తెరువు" అంది.

తాగించి, గిన్నె కడిగి, వెళ్లిపోయింది. బయట తాళం తిరిగిన చప్పుడు ఆయన చెవులప్పగించి విన్నాడు. మంచి తాళం. ఒక్క మలుపుకే పడింది.